పుల్లన్న కత్తికి ఎనిమిది పక్కలు

కోయంబత్తూరు,
10 జూలై 1983, ఆదివారం.

మంగక్కకు బాలసుందరం నమస్కారాలు.

హాస్టలులో కొత్త గది ఇచ్చారు. తిండి సంగతి అమ్మ ఎలాగూ అడుగుతుంది కాబట్టి ముందే చెప్తున్నాను. సాంబారు తప్ప అన్నీ తినగలుగుతున్నాను. ఇక అసలు విషయం, నీతో ఒక పని పడింది.

మా క్లాసులో మునిరత్నం అని ఒకడున్నాడు. మనలాగే తెలుగువాడు, వేలూరు వైపు. వాళ్ళ మామ ఓడలో పనిచేస్తాడు. ఆయన ఎక్కడినుంచో ఒక ఆట పెట్టె తెచ్చి ఇచ్చాడు. ఆదివారం మధ్యాహ్నాలు అయిదుగురం కూర్చుని అదే ఆడుతున్నాం. ఇందులో గళ్ళూ పావులూ లేవు. మునిరత్నం కథ నడిపిస్తాడు, మిగిలినవాళ్ళం ఒక్కో వీరుడి వేషం కడతాం. గుహలోకి వచ్చారు, ఎదురుగా రాక్షసుడున్నాడు, ఏం చేస్తారు అంటాడు వాడు. నా వీరుడి పేరు పెద్దకత్తి పుల్లన్న. నవ్వకు.

ఏం చేస్తామో మనం చెప్తాం, ఏం జరిగిందో పాచిక చెప్తుంది. దెబ్బ తగిలిందా లేదా అన్నదానికి ఒక పాచిక. తగిలితే ఎంత గట్టిగా తగిలిందో చెప్పడానికి ఇంకో పాచిక. ఈ రెండోది ఆయుధాన్నిబట్టి మారుతుంది. బాకుకు నాలుగు పక్కల పాచిక, అంటే ఎంత బలంగా పొడిచినా నాలుగుకు మించదు. కత్తికి ఎనిమిది పక్కలది. ఎవరికి ఎన్ని ప్రాణాలో కాగితం మీద రాసి ఉంటుంది. రాక్షసుడికి ముప్పై ఉన్నాయనుకో, పుల్లన్న కత్తికి ఆరు పడితే ఇరవై నాలుగు మిగులుతాయి. అలా సున్నాకు వస్తే చచ్చినట్టే. వాడూ మనల్ని అలాగే కొడతాడు.

చిక్కేమిటంటే పెట్టెలో పాచికలు లేవు, అంకెలు వేసిన అట్టముక్కలు ఇచ్చారు. వాటిని గ్లాసులో వేసి కుదిపి తీస్తున్నాం. కత్తి దూసినవాడు గ్లాసులో చెయ్యి పెట్టి చీటీ తీయడమేమిటి చెప్పు. మన ఇత్తడి పట్టడలో గుడిగంటలతోపాటు దాయాలాటకు దాయకట్టలూ పోస్తాం కదా, ఎనిమిది పక్కల పాచిక ఒకటి చేయించి పంపగలవా? ఇక్కడ ఎవరి దగ్గరా లేనిది నా దగ్గర ఉండాలని ఆశగా ఉంది.

నీ తమ్ముడు,
బాలా


చూలై, మద్రాసు,
2 ఆగస్టు 1983.

చిరంజీవి బాలసుందరానికి అక్క దీవెనలు.

నీ ఉత్తరం నాయనకు చదివి వినిపించాను. రాక్షసుడి ముప్పై ప్రాణాల దగ్గర చెయ్యెత్తి ఆపాడు. "ఈడ గంటలు పోసి పోసి నా కళ్ళు మసకలైనాయి. వాడు ఆడ రాక్షసుల్తో ఆడుకుంటా ఉండాడా?" అన్నాడు. అంతలోనే, "ఎనిమిది పక్కలంటే ఎట్టుంటాదే అది?" అన్నాడు. నాయన అలా అడిగాడంటే పని ఒప్పుకున్నట్టే.

ఎలా ఉంటుందో నాకూ తెలియదు. అందుకని బట్టల సబ్బు కోసి చూశాను. నాలుగు పలకల గోపురాలు రెండు చేసి, అడుగులు కలిపి అతికిస్తే ఎనిమిది పక్కలు వచ్చాయి. సబ్బు వృథా చేశానని అమ్మ ఒక పూట మాట్లాడలేదు. అదే కొలతకు మైనంతో అచ్చు చేసి పళనికి ఇచ్చాను. ఇరవై ఏళ్ళుగా మన దగ్గర పోత పోస్తున్న మనిషి, దాన్ని వేళ్ళ మధ్య తిప్పి తిప్పి చూసి, "అక్కా, ఇదేందో వజ్రం మాదిరి ఉండాదే, ఏ అమ్మోరి ముక్కుకు?" అన్నాడు.

పోత వరకే పళనిది. ఆకురాయి పని మొత్తం నాది. ఆరు రోజులు పట్టింది. ఒక పక్క కొంచెం ఎక్కువ రాస్తే దాని పక్కవి మూడూ పాడవుతాయి, మళ్ళీ వాటిని సరిచేయాలి. ఇప్పుడు ఏ అంచు కొలిచినా వెంట్రుకవాసి తేడా లేదు. అంకెలకు మన పద్ధతిలోనే చుక్కలు వేశాను. లక్క ఊడిపోకుండా దాయకట్టలకు వేసినట్టే లోతుగా డ్రిల్లు చేసి, ఎర్ర లక్క నింపాను. ఎదురెదురు పక్కలు కలిపితే తొమ్మిది వస్తుంది, చూసుకో. ఒకటికి ఎదురు ఎనిమిది.

బాకుకు వేరే పాచిక అక్కర్లేదు. పొడుగాటి దాయకట్టకు ఉన్నవి నాలుగు పక్కలే కదా. ఒకటి పెట్టెలో వేశాను. మూడు పక్కల మీద ఒకటి, రెండు, మూడు చుక్కలున్నాయి, ఖాళీ పక్క పడితే నాలుగనుకోండి.

పార్సెలు కట్టే ముందు వీధంతా తిప్పి చూపించాను. ఎదురింటి పంకజమ్మ "దేనికే ఇది?" అంటే, మా తమ్ముడి కత్తికి అన్నాను. ఆమె ఇంకా తేరుకోలేదు. నాయన చేత్తో తడిమి, "అంచు బాగుండాది" అన్నాడు. పట్టడలో కూర్చున్న ఈ ఏడేళ్ళలో నాయన నోట ఆ మాట నేను వినడం రెండోసారి.

మీ వాళ్ళు చూసి ఏమన్నారో ఒక్క మాట కూడా వదలకుండా రాయి.

అక్క,
అలివేలుమంగ


కోయంబత్తూరు,
28 ఆగస్టు 1983.

అక్కకు నమస్కారాలు.

పాచిక అందింది. అక్కా, దాన్ని బల్ల మీద వేస్తే వచ్చే చప్పుడుకే రాక్షసులు సగం చస్తున్నారు. మొదటి ఆదివారమే రెండు ఎనిమిదులు పడ్డాయి. పోయిన ఆదివారం ఇంకో మూడు. పుల్లన్న ఇప్పుడు మామూలు మనిషి కాడు. గుహలో రెండో అంతస్తు కాపలావాడిని మూడే దెబ్బల్లో పడగొట్టి వెండి డాలు గెలుచుకున్నాడు. ఆ డాలు ఉంటే మనకు తగిలే ప్రతి దెబ్బలోనూ రెండు తగ్గుతాయి.

ఇప్పుడు అందరూ కత్తి దెబ్బకు నా పాచికే అడిగి వేస్తున్నారు. నేను ఇస్తున్నాను, కానీ ఆట అయ్యాక తుడిచి జేబులో పెట్టుకుంటాను.

అందరికీ బాగా నచ్చింది. పరీక్షలు దగ్గరపడుతున్నాయి కాబట్టి ఇంతటితో ఆపుతాను.

బాలా


చూలై,
9 సెప్టెంబరు 1983.

బాలాకు దీవెనలు.

ఒక్క మాట వదలకుండా రాయమంటే "అందరికీ బాగా నచ్చింది" అని మూడు మాటలు రాశావు. మన ఇంట్లో ఉప్మాకు కూడా అంతకంటే ఎక్కువ చెప్తావే. ఎవరు చేశారని వాళ్ళు అడగలేదా? అడిగితే ఏం చెప్పావు?

నేను మాత్రం గుడికి వెళ్ళినా, నూనె కొట్టుకు వెళ్ళినా అదే చెప్తున్నాను. నా ఎనిమిది పక్కల పాచిక కోయంబత్తూరులో రాక్షసులను చంపుతోందని. దెబ్బ తగిలిందో లేదో చూడటానికి ఇంకా చీటీలే తీస్తున్నారా? దానికి ఎన్ని పక్కలు కావాలో రాయి. చెయ్యి పని మరిగింది, ఊరుకోలేకపోతున్నాను.

మంగ


కోయంబత్తూరు,
23 అక్టోబరు 1983.

అక్కకు,

ఈ ఉత్తరం మొదలుపెట్టి రెండుసార్లు చించేశాను. నాయనకు వినిపించకు.

మునిరత్నం ప్రతి ఆటలో పడిన అంకెలన్నీ ఒక నోటుబుక్కులో రాసుకుంటాడు. అది వాడి అలవాటు, నేను పట్టించుకోలేదు. ఈరోజు ఆటకు ముందు ఆ పుస్తకం తెరిచి అందరి ముందూ చదివాడు. నా పాచికను ఇప్పటికి నలభై నాలుగుసార్లు వేస్తే ఎనిమిది పన్నెండుసార్లు పడిందట. న్యాయంగా అయితే అయిదో ఆరో పడాలి. ఒకటి రెండేసార్లు పడింది. "ఇది తప్పుడు పాచికరా, తెలిసే తెచ్చినావా?" అన్నాడు. మిగిలిన ముగ్గురూ నా మొహం వైపు చూడలేదు. డిసెంబరులో సెలవులకు ముందు ఆఖరి ఆట ఉంది, గుహ చివర ఉన్న రెండు తలల రాక్షసుడితో. పాచిక సంగతి తేలేదాకా నన్ను బల్ల దగ్గరికి రావద్దన్నారు. రాత్రి మెస్సులో కూడా నా పక్కన ఎవరూ కూర్చోలేదు. ఇన్నాళ్ళు ఎవరూ నన్ను దొంగ అనలేదక్కా.

ఇంకొకటి కూడా చెప్పాలి. నువ్వు అడిగావు, నేను దాటేశాను. ఎవరు చేశారని మొదటిరోజే అడిగారు. సింగపూరునుంచి వచ్చిందని చెప్పాను. చూలైలో మా ఇంటి వెనక పట్టడలో, గంటలూ దీపపు కుందులూ చేసే చోట మా అక్క చేసిందంటే నవ్వుతారేమో అనిపించింది. నోట్లోంచి వచ్చేసింది, తర్వాత వెనక్కి తీసుకోలేకపోయాను.

నాకు నిజం చెప్పు. నేను గెలవాలని దాంట్లో నువ్వేమైనా చేశావా? చేసినా నేనేమీ అనుకోను. పాచికను ఇదే పార్సెలులో తిరిగి పంపుతున్నాను.

బాలా


చూలై,
28 అక్టోబరు 1983.

బాలసుందరానికి,

పాచిక సింగపూరులో చేసింది కదా. సింగపూరుకే రాసి అడుగు.

తాత దాయకట్టలు చేశాడు. నాయన చేశాడు. ఏడేళ్ళుగా నేను చేస్తున్నాను. ఈ పట్టడనుంచి బయటికి వెళ్ళిన పాచికను ఒక్కరు కూడా వెనక్కి తేలేదు. నువ్వు నవ్వుతారేమో అన్న పట్టడ ఇదే. సింగపూరు అన్నందుకు కోపం వచ్చింది, అది రెండు రోజుల్లో పోతుంది. "ఏమైనా చేశావా" అని అడిగావు చూడు, అది పోదు. పైగా చేసినా ఏమీ అనుకోవట. నేను అనుకుంటాను.

నాయనకు వినిపించాను. నీ మాట వినాల్సిన అవసరం నాకు కనిపించలేదు.

నా పాచికలో మోసం లేదు. ఉందో లేదో మాటలతో తేల్చను. ఎనిమిది వందలసార్లు వేసి రాస్తాను. ఎనిమిది పక్కలకు తలా వంద దగ్గర దగ్గరగా పడితే ఆ కాగితం నీ మునిరత్నానికి నేనే పంపుతాను. అంతవరకూ ఉత్తరం రాయకు.

అలివేలుమంగ


చూలై,
19 నవంబరు 1983.

బాలాకు దీవెనలు.

నిలబడి చదువుతుంటే కూర్చో. పొడుగు ఉత్తరం.

వంటింటి పీట తెచ్చి పట్టడలో వేసుకుని, రోజుకు రెండు వందల చొప్పున నాలుగు రోజులు వేశాను. వేసిన ప్రతిసారీ గీత గీశాను. ఆ టకటకకు అమ్మ విసిగిపోయి, "ఏందే ఇది, పెండ్లీడు దాటిన పిల్ల పట్టపగలు జూదమాడతా ఉండాదని ఎవరన్నా అంటే నేనేం చెప్పేది?" అంది. పరీక్ష పెడుతున్నానంటే నమ్మలేదు. మూడో రోజునుంచి తనే పక్కన కూర్చుని గీతలు గీసింది.

ఎనిమిది నూట ముప్పై ఒక్కసార్లు పడింది. ఒకటి అరవై తొమ్మిదిసార్లు. మొత్తం లెక్క ఇందులో పెట్టాను.

మునిరత్నం చెప్పింది నిజం. పాచిక తప్పుడుదే.

అంచులు మళ్ళీ కొలిచాను, ఎక్కడా తేడా లేదు. పోతలో గాలిబుడగ ఉందేమో అన్నానని పళని గొడవపడ్డాడు. "నా పోతలో బుడగా? ఎనిమిది తూర్లు తట్టి చూస్తినే అక్కా" అన్నాడు. చివరికి నాయన చెయ్యి చాచి పాచికను అడిగి తీసుకున్నాడు. ఒక్కో పక్కా వేలితో తడిమి, "గుంట ఎంత లోతు ఏసినావు?" అన్నాడు. దాయకట్టకు వేసినంతే అన్నాను. "దాయకట్టకు మహా అంటే మూడు చుక్కలు. పొడుగాటి కడ్డీ, దానికి తెలీదు. ఈడ ఒక పక్క ఎనిమిది గుంటలు తవ్వినావు, ఎదురుగా ఒకటే. ఇత్తడి తీసి లక్క పెడితే ఆ పక్క తేలిక గాదా? తేలికైంది పైకి రాదా?" అన్నాడు.

అంతే సంగతి. నాకు చేతికి అలవాటైన పని అలవాటుగా చేసేశాను. అంచులు ఆరు రోజులు రాసి, చుక్కలు అరగంటలో వేశాను. దాంట్లో నేనేమీ చేయలేదు, ఆ మాట అలాగే ఉంది. కానీ తప్పు నాది. మునిరత్నానికి కనపడింది, నాకు కనపడలేదు. నాకు సిగ్గుగా ఉంది. ఆ కుర్రవాడి మీద గౌరవంగానూ ఉంది.

కొత్తది చేశాను. దీనికి చుక్కలు లేవు. సన్నటి ఉలితో అంకెలు గీశాను, గోరుకు తగిలీ తగలనంత. అది కూడా ఎనిమిది వందలసార్లు వేశాం. అన్నిటికంటే తక్కువ పడింది తొంభై మూడు, ఎక్కువ నూట ఎనిమిది. ఈ రెండు లెక్కలూ, పాత పాచికా, కొత్త పాచికా అన్నీ పంపుతున్నాను. మునిరత్నం చేతికే ఇవ్వు.

నీకు రెండు పనులు చెప్తాను. పాత పాచికతో గెలిచిన ఆ వెండి డాలు తిరిగి ఇచ్చెయ్యి. అది పుల్లన్నది కాదు. రెండోది, కొత్త పాచిక మీద ఒక మూల నా పేరు చెక్కాలని చెయ్యి లాగింది. పేరు చెక్కితే ఆ పక్క ఇత్తడి పోతుంది, మళ్ళీ అదే తప్పవుతుంది. అందుకని చెక్కలేదు. దాని మీద నా పేరు ఎక్కడా లేదు, ఉండకూడదు కూడా. పేరు నువ్వే చెప్పాలి. సింగపూరని చెప్పిన చోటే, ఆ మనుషుల ముందే.

అక్క


కోయంబత్తూరు,
12 డిసెంబరు 1983.

మంగక్కకు నమస్కారాలు.

నిన్న ఆఖరి ఆట జరిగింది. ముందునుంచి చెప్తాను.

మునిరత్నం గదికి వెళ్ళి బల్ల మీద రెండు పాచికలూ, నీ కాగితాలూ పెట్టాను. నిలబడే చెప్పాను. "ఇది సింగపూరుది కాదు. నేను అబద్ధం చెప్పాను. మద్రాసు చూలైలో మా నాయన పట్టడలో మా అక్క చేసింది, పేరు అలివేలుమంగ. మొదటి పాచికలో తప్పుంది. అదెక్కడుందో ఆమే కనిపెట్టి రాసింది." నీ ఉత్తరంలో పీట దగ్గరినుంచి గుంటల దాకా చదివాను. అమ్మ జూదం మాట కూడా చదివాను, అక్కడ మాత్రం నవ్వారు. నేను భయపడిన నవ్వు అది కాదు.

మునిరత్నం చాలాసేపు గీతలు లెక్కపెట్టాడు. వందేసి గీతల కట్టలు వేలితో దాటుకుంటూ పోయాడు. "పదహారు నూర్ల తడవలు ఏసినారా?" అన్నాడు. అవునన్నాను. "సింగపూరులో ఎవుడన్నా చేసుంటే, నాదే తప్పని కాగితం రాసి పంపుతాడా?" అన్నాడు. నాతో కాదు, మిగిలిన ముగ్గురితో. తర్వాత నా వైపు తిరిగి, దొంగ అన్నందుకు తప్పైందన్నాడు. నేను అబద్ధం చెప్పినందుకు తప్పైందన్నాను. డాలు తిరిగి ఇచ్చేశాను. పుల్లన్న కాగితం మీద దాన్ని కొట్టేస్తుంటే మనసొప్పలేదు, నీతో దాచడమెందుకు.

ఆట నాలుగు గంటలు నడిచింది. రెండు తలల రాక్షసుడికి అరవై ప్రాణాలు. మిగిలినవాళ్ళ వీరులందరూ పడిపోయారు. చివరికి రాక్షసుడికి అయిదు, పుల్లన్నకు ఆరు మిగిలాయి. నా వంతు వచ్చింది, దెబ్బ తగిలిందని చీటీ చెప్పింది. ఇక కత్తికి అయిదో, అంతకంటే ఎక్కువో పడితే గెలుపు మాది. ఎనిమిది పక్కల్లో నాలుగు మావి, నాలుగు వాడివి. పక్క గదులవాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు. పాత పాచికైతే ఎటు మొగ్గేదో నాకు తెలుసు, అందరికీ తెలుసు. కొత్తది చేతిలోకి తీసుకుని వేశాను.

మూడు పడింది.

తర్వాత రాక్షసుడి వంతు. మునిరత్నం నీ పాచికనే వేశాడు. ఏడు. డాలు ఉంటే అయిదయ్యేది, పుల్లన్న ఒక్క ప్రాణంతో బతికేవాడు. డాలు లేదు. పుల్లన్న చచ్చిపోయాడు.

నాకు ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. అంతమంది చూస్తుండగా ఆ మూడు అలా బల్ల మీద కూర్చుని ఉంటే, నాకు చాలా గర్వంగా అనిపించింది. గెలిచిన ఎనిమిదులకు ఎన్నడూ అలా అనిపించలేదు. అది మా అక్క చేసిన పాచిక అని మళ్ళీ ఒకసారి చెప్పాలనిపించి చెప్పాను. తెలుసులే కూర్చోరా అన్నాడు మునిరత్నం.

వాడి నోటుబుక్కులో మొదటి పేజీ మీద రాశాడు, ఇక నుంచి కత్తి దెబ్బలకు అలివేలుమంగగారి పాచికే వాడాలని. నలుగురికీ తలా ఒకటి కావాలట. దెబ్బ తగిలిందో లేదో చూసే పాచికకు ఇరవై పక్కలు ఉండాలి. అది నీ వల్ల అవుతుందా అని అడగమన్నాడు. అవుతుందని నేనే చెప్పేశాను.

నేను అడగకూడని మాట అడిగాను. మరిచిపొమ్మనను. పుల్లన్న కాగితం ఇందులో పెడుతున్నాను, నీ దగ్గర ఉంచుకో.

నీ తమ్ముడు,
బాలసుందరం


చూలై, మద్రాసు,
17 డిసెంబరు 1983.

చిరంజీవి బాలాకు అక్క దీవెనలు.

ఇరవై పక్కలు అవుతుందని ఎవరిని అడిగి చెప్పావు? ఒక్కో పక్క మూడు మూలల ముక్క, ఒక్కో మొన దగ్గర అయిదేసి కలవాలి. సబ్బు నాలుగు బిళ్ళలు పోయింది. ఈసారి అమ్మే కోసి ఇస్తోంది. పొంగలి పండగ లోపల అవుతుందని చెప్పు.

పుల్లన్న కాగితాన్ని పట్టడ గోడకు, దాయకట్టల అచ్చు పక్కన అంటించాను. పంకజమ్మ వచ్చి ఇదేమిటంది. మా తమ్ముడి వీరుడు, నా పాచికకు మూడు పడి చచ్చిపోయాడు అన్నాను. ఆమె అయ్యయ్యో అంది. అయ్యయ్యో కాదు అత్తా, మూడు పడాల్సిన చోట మూడే పడింది అని మొత్తం కథ చెప్పాను. నూనె కొట్టులో కూడా చెప్పాను. నువ్వు గెలిచినప్పటికంటే ఎక్కువమందికి చెప్పాను.

నీ ఉత్తరం నాయనకు చదివాను. పుల్లన్న పోయిన దగ్గర, "పాపం" అన్నాడు. తర్వాత మీ నలుగురి కోసం చేస్తున్న కొత్త పాచికల్లో ఒకటి తీసుకుని పక్కలన్నీ వేలితో తడిమాడు. "పేరు ఏసుకోలేదా?" అన్నాడు. లేదన్నాను. "మరి నువ్వు చేసినావని ఎట్ట తెలస్తాదే?" అన్నాడు.

"బాలా చెప్పినాడు నాయనా, అందరి ముందరా నిలబడి" అన్నాను.

ఆ ముక్క ఇంకోసారి చదవమన్నాడు. చదివాను. పళనిని కూడా పిలిచి మళ్ళీ చదవమన్నాడు.

అక్క,
అలివేలుమంగ